ఆ పదమూడేళ్లను ‘ఔత్సాహికం’ అనకండి

తెలుగులో క్రీడావార్తలు రాసే విలేకరులకు, డెస్కులో వాటిని దిద్దే ఉపసంపాదకులకు, పోరాట క్రీడల మీద వీడియోలు చేసేవారికి, వ్యాఖ్యానం చెప్పేవారికి,

నమస్కారం.

నేను మీ పాఠకుణ్ణి, మీ ప్రేక్షకుణ్ణి. ఏడేళ్లు మ్యాట్ మీద కుస్తీ పట్టాను. రాష్ట్రస్థాయి దాటి వెళ్లలేదు. నా ఎడమ చెవి ఇప్పటికీ ముడుచుకుపోయి గట్టిగా ఉంటుంది. కొత్తగా పరిచయమైనవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. కుస్తీతో నాకు మిగిలిన చుట్టరికం ఆ చెవీ, మీరు రాసే వార్తలూ. అందుకే ఈ ఉత్తరం.

కొన్నాళ్ల కిందట డేనియల్ కార్మియర్ మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం చదివాను. గుద్దులూ తన్నులూ కుస్తీపట్లూ అన్నీ చెల్లే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలను కంచె కట్టిన పంజరంలో నడిపే సంస్థ యూఎఫ్‌సీ. అందులో రెండు బరువు విభాగాల టైటిళ్లను ఒకేసారి చేతిలో ఉంచుకున్న రెండో మనిషి అతను. వ్యాసం నిండా బెల్టులూ నాకౌట్లూ, మరో యూఎఫ్‌సీ ఛాంపియన్ జాన్ జోన్స్‌తో వైరం గురించి పేరాలకు పేరాలు. అంతకు ముందు సంగతంతా ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఔత్సాహిక రెజ్లర్‌గా ఒలింపిక్స్‌లో విఫలమయ్యాడట, ఆ తర్వాత మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి వచ్చాడట. పక్కన ఫొటో ఏమిటో చెప్పనా? 2022లో డబ్ల్యూడబ్ల్యూఈ పోటీ ఒకదానికి అతిథి రిఫరీగా వెళ్లినప్పటిది. రెజ్లర్ అన్నారు కదా అని ఎవరో వెతికి పెట్టి ఉంటారు.

రాసినవారి పేరు నేను చెప్పను. తప్పు వారొక్కరిదే కాదు. ఇలాంటి వాక్యం తెలుగులో పదిసార్లయినా చదివి ఉంటాను, మనిషి పేరు మారుతుంది అంతే.

ముందు ఆ ‘ఔత్సాహిక’ సంగతి చూద్దాం. ఆ మాట మనం ఎక్కడ వాడతాం? ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలాడేవాళ్లను ఔత్సాహిక నటులంటాం. సెలవు రోజున కెమెరా భుజానేసుకుని బయల్దేరేవాళ్లు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు. ఇష్టం కొద్దీ చేస్తున్నారు, అసలు రంగంలోకి ఇంకా దిగలేదు అనే అర్థం ఆ మాటలోనే ఉంది. ‘అమెచ్యూర్’ అని కనబడగానే నిఘంటువు చూసి అదే పెట్టేస్తున్నారు. కానీ కుస్తీలో అమెచ్యూర్ అంటే ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్. దానికి పైన ఇంకో మెట్టు లేదు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అని పేరు పెట్టుకున్నదే గెలుపోటములు ముందుగా రాసిపెట్టుకుని ఆడే ప్రదర్శన. అంటే మీరు ‘ఔత్సాహిక’ అని రాసిన చోట పాఠకుడికి అందాల్సిన అర్థం ‘అసలైన’ అని. అందుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ శీర్షికలు కుస్తీ మాటల మీదే బతుకుతున్నాయి. క్రికెట్‌లో ఒక జట్టు ఇంకో జట్టును ‘చిత్తు’ చేస్తుంది. చిత్తు అంటే ప్రత్యర్థి రెండు భుజాలూ నేలకు ఆనేలా వెల్లకిలా పడేయడం, అంటే పిన్. ఎన్నికల్లో ఒకాయన ఇంకొకాయనకు ‘మట్టి కరిపిస్తాడు’. నాయకులు ‘గోదాలోకి’ దిగుతారు. ఫీల్డర్ ‘ఉడుంపట్టు’ పడతాడు. గోదా మాటలన్నీ తీసుకున్నారు, గోదాలో నిలబడ్డ మనిషిని మాత్రం కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. ఇది నిష్ఠూరమే. ఇన్నేళ్లు చదివినవాడికి ఆ మాత్రం చనువు ఉంటుందనుకుంటాను.

సరే, ఆ ఒక్క వాక్యం వెనక ఏముందో చెబుతాను.

కార్మియర్ 1979 మార్చిలో లూసియానా రాష్ట్రంలోని లఫాయెట్‌లో పుట్టాడు. హైస్కూల్లో మూడుసార్లు రాష్ట్ర ఛాంపియన్. 1995లో, పదహారేళ్ల వయసులో, క్యాడెట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, నడుము కింద పట్టకూడని గ్రీకో రోమన్ శైలిలో కాంస్యం తెచ్చాడు. ఫుట్‌బాల్లో కూడా మంచి ఆటగాడే, కానీ కుస్తీ వైపే వెళ్లాడు. కాన్సస్‌లోని కోల్బీ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు ఉన్నాడు. అక్కడ 61 బౌట్లు ఆడాడు, 61 గెలిచాడు. 1998, 1999ల్లో రెండుసార్లు జూనియర్ కాలేజీల జాతీయ ఛాంపియన్.

అక్కణ్ణుంచి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ. అమెరికా కాలేజీ కుస్తీలో అది పెద్దపేరు. కోచ్ జాన్ స్మిత్, 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ, ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. అలాంటి చోట కార్మియర్ 53 గెలిచాడు, 10 ఓడాడు. ఆ పదిలో ఆరు ఒక్కడి చేతిలోనే.

ఆ ఒక్కడు అయోవా స్టేట్‌కి చెందిన కేల్ శాండర్సన్. కాలేజీలో నాలుగేళ్లలో అతని లెక్క 159 గెలుపులు, సున్నా ఓటములు. ఆ స్థాయిలో నాలుగు టైటిళ్లు గెలిచి ఒక్కసారి కూడా ఓడకుండా బయటికి వచ్చినవాడు ఇప్పటికీ అతనొక్కడే. 184 పౌండ్ల విభాగంలో కార్మియర్ ఉన్న కాలంలోనే అతనూ ఉన్నాడు. 2001 జాతీయ ఫైనల్లో ఇద్దరూ తలపడ్డారు. 8–4తో శాండర్సన్ గెలిచాడు.

ఇక్కడే నా అసలు కంప్లయింటు. ఆ 8–4 వార్త కాదా? కాలేజీలో ఎప్పుడూ ఓడని మనిషి మీద నాలుగు పాయింట్లు రాబట్టడం, అతని ముందుకు ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లూ ఓడి ఏడోసారి కూడా మ్యాట్ ఎక్కడానికి సిద్ధంగా ఉండటం, ఆ మనిషి గురించి ఏ బెల్టు చెప్పనంత చెబుతుంది. రికార్డు చూసి ‘జాతీయ రన్నరప్’ అని ఒక మాట వేసి వదిలేస్తే, ఎదుటి వరసలో ఎవరున్నారో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? కుస్తీ వార్తలో ఓడినవాడి పేరు ఎంత ముఖ్యమో ఓడించినవాడి పేరూ అంతే ముఖ్యం.

శైలుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా కాలేజీల్లో ఆడేది ఫోక్‌స్టైల్. ఒలింపిక్స్‌లో ఉండేది ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్. తేడా చిన్నది కాదు. ఫ్రీస్టైల్లో ప్రత్యర్థి వీపును నేల వైపు తిప్పగలిగితే పాయింట్లు వస్తాయి. తిప్పలేకపోతే రిఫరీ కాసేపు చూసి ఇద్దర్నీ లేపి నిలబెట్టేస్తాడు. ఫోక్‌స్టైల్లో అలా కాదు. కింద పడ్డవాడు లేవాలని చూస్తాడు, పైవాడు లేవనివ్వకూడదు. లేచి తప్పించుకుంటే కిందివాడికి ఒక పాయింటు. పైన ఉన్న సమయం ఎదుటివాడి కంటే నిమిషం ఎక్కువైతే పైవాడికి ఒక పాయింటు. దాన్ని ‘రైడింగ్ టైమ్’ అంటారు. గుర్రం మీద కూర్చున్నట్టు మనిషి వీపు మీద బరువు మోపి, మణికట్టు పట్టి, మడమ లాగి, లేచిన ప్రతిసారీ మళ్లీ నేలకు దించడం. చూసేవాళ్లకు విసుగ్గా ఉంటుంది. కింద ఉన్నవాడికి మాత్రం రెండు నిమిషాలు రెండు గంటల్లా గడుస్తాయి. పంజరంలో అమెరికా కుస్తీవీరులు ఎందుకు అంతగా రాణించారో అర్థం కావాలంటే ముందు ఇది అర్థం కావాలి. కింద పడేసి కదలనివ్వకపోవడం ఏళ్ల తరబడి వాళ్లకు రోజువారీ పని.

కాలేజీ అయ్యాక కార్మియర్ ఫ్రీస్టైల్లో 96 కిలోలకు వెళ్లాడు. 2003 నుంచి 2008 దాకా వరసగా ఆరేళ్లు అమెరికా సీనియర్ జట్టులో ఆ బరువు అతనిదే. ఒక్కో దేశానికి ఒక్కో బరువులో ఒక్కడే వెళ్తాడు. కుస్తీ అంత బలంగా ఉన్న దేశంలో ఆ ఒక్క చోటు ఆరేళ్లు నిలబెట్టుకున్నాడు.

2003 జూన్‌లో అతని మూడు నెలల కూతురు రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఈ సంగతి అతనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ వేసవిలోనే శాంటో డొమింగోలో పాన్ అమెరికన్ క్రీడల స్వర్ణం గెలిచాడు, సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అయిదో స్థానంలో నిలిచాడు. దీన్ని మీ ముందు పెట్టడానికి నాకు కొంచెం భయంగానే ఉంది. ‘కన్నీటి గాథ’ అని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టి, వెనక విషాద సంగీతం వేసి, ఆ రెండు పోటీల ఫలితాలు మాత్రం వదిలేస్తారేమోనని. దయచేసి అలా చేయకండి. దుఃఖం ఆయన సొంతం. ఆ దుఃఖంలో ఉండి కూడా ఎవరితో కుస్తీ పట్టాడు, ఎన్నో స్థానంలో నిలిచాడు అన్నది మనం రాయవలసిన పని.

ఇక ‘విఫలం’. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కార్మియర్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ రష్యాకు చెందిన ఖాజిమురాత్ గత్సాలోవ్ చేతిలో ఓడాడు. గత్సాలోవ్ ఆ ఒలింపిక్ స్వర్ణంతో పాటు తర్వాత అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కాంస్యం కోసం జరిగిన బౌట్‌లో ఇరాన్‌కు చెందిన అలీరెజా హైదరీ చేతిలో ఓడాడు. నాలుగో స్థానం. అదే ఏథెన్స్‌లో, అదే అమెరికా జట్టులో, 84 కిలోల్లో స్వర్ణం ఎవరికొచ్చిందో తెలుసా? శాండర్సన్‌కి.

అప్పట్లో ఒక్కో బరువుకు ఒకటే కాంస్యం. ఆ తర్వాత నిబంధన మారి రెండు కాంస్యాలు ఇవ్వడం మొదలైంది. బీజింగ్‌లో సుశీల్ కుమార్ మొదటి బౌట్ ఓడిపోయి, తనను ఓడించినవాడు ఫైనల్ చేరడంతో రెపెషాజ్ ద్వారా తిరిగి వచ్చి కాంస్యం గెలిచిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు రెపెషాజ్ అంటే ఏమిటో మీరే ఎంతో చక్కగా బొమ్మ వేసి మరీ వివరించారు. ఆ కాగితం నేను దాచుకున్నాను. నిబంధనలో ఒక మార్పుతో పతకాలు దక్కే కుర్చీలు పెరుగుతాయని మీకు తెలుసు. అలాంటప్పుడు ఏథెన్స్‌లో నాలుగో స్థానాన్ని ‘విఫలం’ అని ఎలా రాయబుద్ధయింది? ఆ రోజు ఆ బరువులో ప్రపంచంలో అతని కంటే ముందున్నవాళ్లు ముగ్గురు. నాలుగు అంటే నాలుగు అని రాయండి చాలు.

2007లో బాకు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం వచ్చింది. నేను చదివిన ఆ వ్యాసంలో ఈ పతకం అసలు లేనే లేదు.

2008 బీజింగ్. అమెరికా ఫ్రీస్టైల్ జట్టుకు కార్మియర్ కెప్టెన్. ఆగస్టు 19న అతని జట్టులోని ఇరవై ఒక్కేళ్ల హెన్రీ సెహుదో 55 కిలోల్లో స్వర్ణం గెలిచాడు. ఇరవయ్యో తేదీన మన సుశీల్. ఇరవై ఒకటిన 96 కిలోల పోటీలు. కార్మియర్ మ్యాట్ మీదికి రాలేదు. బరువు దించే క్రమంలో ఒంట్లో నీళ్లు అడుగంటి కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఆసుపత్రిలో చేర్చారు. ఒక్క బౌట్ కూడా ఆడకుండానే ఆ ఒలింపిక్స్, దాంతోపాటే అతని కుస్తీ కెరీర్ ముగిసిపోయాయి. 1995 క్యాడెట్ పతకం నుంచి లెక్కేస్తే పదమూడేళ్లు.

ఆ బాధ ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు, అందులో పదో వంతు. యూనివర్సిటీ సెలక్షన్స్‌కి ముందు రోజు పొద్దున నాకు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు ఎక్కువుంది. ప్లాస్టిక్ సంచికి తల పట్టేంత కన్నం చేసి వేసుకుని, దాని మీద రెండు స్వెట్టర్లు, ఆ పైన ట్రాక్‌సూటు వేసుకుని మధ్యాహ్నం ఎండలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తాను. సాయంత్రం చేతిలో ఖాళీ సీసా పట్టుకుని అందులో ఉమ్ముతూ కూర్చున్నాను. నోరు ఊరడానికి ఉసిరికాయ ముక్క చప్పరించడం, ఊరింది ఉమ్మేయడం. కాసేపటికి ఊరడం కూడా ఆగిపోయింది. మా కోచ్ కాటా చూసి, ‘ఇంకో నాలుగొందలు ఉందిరా’ అని మళ్లీ పంపించాడు. రాత్రి పిక్కలు పట్టేసి నిద్ర లేదు. తడి గుడ్డతో పెదాలు ఒత్తుకుని, ఆ నీళ్లు మింగకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. తెల్లారి కాటా మీద సరిగ్గా వచ్చింది. బౌట్ మొదలైన రెండో నిమిషంలో ప్రత్యర్థి కాలు అందుకోవాలని వంగాను. కాలు కనబడుతోంది, నా చెయ్యి వెళ్లలేదు. ఓడిపోయాను. ఆ రోజు మా జట్టులో ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. ఎవరికైనా ఏదన్నా జరిగి ఉంటే అన్న ఆలోచన కూడా రాలేదు.

అమెరికాలో జరిగింది. కార్మియర్ కాలేజీలో అడుగుపెట్టిన ఆ 1997 చలికాలంలోనే, నెల రోజులు కాస్త అటూ ఇటూగా, ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు బరువు దించుకునే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడ ఆవిరిగదులు, రబ్బరు సూట్లు నిషేధించారు, బరువు విభాగాలు మార్చారు, సీజన్ మొదట్లోనే ఒంట్లో నీటిశాతం చూసి ఎవరు ఎంతవరకు దిగవచ్చో రాసిపెట్టడం మొదలుపెట్టారు. ప్రపంచ కుస్తీలో 2018 నుంచి పోటీ రెండు రోజులకు మారింది. రెండు రోజులూ పొద్దున్నే బరువు చూస్తారు. ముందు రోజు సాయంత్రం కాటా దిగి రాత్రంతా నీళ్లు తాగి కోలుకునే వీలు లేకుండా చేయాలన్నది ఉద్దేశం. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫొగాట్ వంద గ్రాములతో ఫైనల్ పోగొట్టుకున్నది ఆ రెండో రోజు కాటా దగ్గరే. ఆ వారం మీరు బరువు దించడం గురించి ఎంత రాశారో! రాత్రంతా ఏం చేసింది, జుట్టు ఎందుకు కత్తిరించారు, ఒంట్లో నీళ్లు ఎలా పోతాయి, అన్నీ. చదివి మనసు నిండింది. అదే కళ్లతో బీజింగ్ వైపు కూడా చూడండని అడుగుతున్నాను. అది ‘విఫలం’ కాదు. దానికి ఏ మాట సరిపోతుందో మీరే ఆలోచించండి.

ఇంకొకటి ఉంది. కార్మియర్ పంజరంలో మొదలుపెట్టింది హెవీవెయిట్‌గా. బరువు దించే బాధ లేదు. 2014లో మళ్లీ 205 పౌండ్లకు, అంటే 93 కిలోలకు దిగాడు. బీజింగ్‌లో ప్రాణం మీదికి తెచ్చిన 96 కంటే అది మూడు కిలోలు తక్కువ. ఎందుకు దిగాడంటే, హెవీవెయిట్ బెల్టు అప్పుడు తనతో కలిసి సాధన చేసే స్నేహితుడు కెయిన్ వెలాస్కెజ్ దగ్గర ఉంది. స్నేహితుడితో కొట్లాడలేక దిగాడు. 2017 ఏప్రిల్లో బఫెలోలో కాటా మీద మొదట 206.2 వచ్చింది. కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చి, ముందు పట్టిన తువ్వాలు మీద చేతులు ఆనించి నిలబడితే 205 చూపించింది. ఆ వీడియో పెట్టి తెలుగులో చాలామంది నవ్వారు. తువ్వాలు మీద చేతులు ఆనించడం సరైన పని అని నేను అనడం లేదు, కాదు. కానీ ఆ కాటా ఎక్కిన మనిషికి తొమ్మిదేళ్ల కిందట కాటా ఏం చేసిందో ఆ నవ్వుతున్న వీడియోల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

అసలు ఈ కుస్తీవీరులు పంజరంలోకి ఎందుకు వెళ్తారు అన్నది కూడా మీరు రాయవలసిన కథ. డబ్బు కోసం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. డబ్బే, కాదనను. ఒలింపిక్స్ అయిపోయాక అమెరికాలో కుస్తీ పట్టి బతకడానికి అప్పట్లో నిలకడైన లీగ్ అంటూ లేదు. 2004లో రియల్ ప్రో రెజ్లింగ్ అని ఒకటి మొదలుపెట్టారు, ప్రదర్శన కాదు, నిజమైన కుస్తీ. కార్మియర్ అందులో తన బరువులో విజేత కూడా. ఒక్క సీజన్‌తో అది ఆగిపోయింది. ఇక మిగిలింది ఏ కాలేజీలోనో కోచ్ ఉద్యోగం, లేదంటే పంజరం. 2009 సెప్టెంబరులో, ముప్పయ్యేళ్ల వయసులో, అప్పటిదాకా గుద్దడం అన్నదే ఎరగని మనిషి మొదటి ఫైట్‌కి దిగాడు. ముప్పై ఆరేళ్లకు యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్. ముప్పై తొమ్మిదేళ్లకు హెవీవెయిట్.

ఆ వయసులో అంత త్వరగా ఎలా కుదిరింది? దానికి జవాబు ఆ పదమూడేళ్లలో ఉంది. ఒక్క దృశ్యం చెబుతాను, వీలైతే మళ్లీ చూడండి. 2014 మే, లాస్ వేగాస్. ఎదురుగా డాన్ హెండర్సన్, 1992, 1996 ఒలింపిక్స్‌లో గ్రీకో రోమన్ ఆడినవాడు. మోకాళ్లు వంచి కిందికి దిగడం, తలను ఎదుటివాడి పక్కటెముకలకు ఆనించడం, చెయ్యి తొడ సందులోంచి పైకి పోనివ్వడం. దాన్ని ‘హై క్రాచ్’ అంటారు. కొత్తవాళ్లు అక్కడ చేతులతో ఎత్తబోతారు. ఎత్తలేరు. కార్మియర్ ముందు తన నడుమును ఎదుటివాడి నడుము కిందికి చేర్చాడు, పాదం లోపలికి వేశాడు, ఆ తర్వాత లేచాడు. ఒలింపిక్స్ ఆడిన మనిషి కాళ్లు గాల్లోకి లేచి, తలకిందులై వచ్చి పడ్డాడు. వ్యాఖ్యానంలో ‘ఏం బలం!’ అన్నారు. బలం కాదండీ. ఆ అడుగు లోపలికి వేసే క్షణం లూసియానాలో నేర్చుకుంది, ఓక్లహోమాలో వేలసార్లు వేసి చూసుకుంది.

2018లో అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ స్టీపె మియోచిచ్‌ని మొదటి రౌండ్లోనే పడగొట్టిన గుద్దు కూడా అంతే. అది బాక్సర్ గుద్దు కాదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చేతులతో పెనుగులాడుతూ విడిపోయే క్షణంలో వచ్చిన పొట్టి దెబ్బ. పట్టులో ఉండగా ఎదుటివాడు ఎప్పుడు వదులవుతాడో చేతికి తెలుస్తుంది. ఆ తెలివి గోదాలో వస్తుంది.

కార్మియర్ ఒక్కడి గురించే అనుకోకండి. బ్రాక్ లెస్నర్ తెలియని తెలుగు కుర్రాడు లేడు. 2000లో మిన్నెసోటా యూనివర్సిటీ తరఫున హెవీవెయిట్ జాతీయ ఛాంపియన్ అయ్యాడని తెలిసినవాళ్లు ఎందరు? అంతకు ముందు ఏడాది ఫైనల్లో అతన్ని ఓడించిన స్టీఫెన్ నీల్ అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మార్క్ కోల్మన్, బెన్ ఆస్క్రెన్, బో నికల్, ఒక్కొక్కరి వెనక ఇలాంటి చరిత్రే ఉంది. సిడ్నీ ఒలింపిక్స్ రజతం గెలిచిన క్యూబా మనిషి యోయెల్ రొమేరోని మీలో ఒకరు ‘కండల వీరుడు’ అని మాత్రమే పరిచయం చేశారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మీకు సమయం తక్కువని, స్థలం తక్కువని నాకు తెలుసు. రాత్రి పదింటికి ఏజెన్సీ కాపీ వస్తే పదిన్నరకి పేజీ వెళ్లిపోవాలి. అందుకే చిన్నవే అడుగుతున్నాను. ‘ఔత్సాహిక’ తీసేసి ‘ఒలింపిక్ కుస్తీ’ అనండి, లేదా ఉత్తి కుస్తీ అనండి. ఏ శైలి, ఎన్ని కిలోలు అన్నది రాయండి. కాలేజీ టైటిల్ ఒలింపిక్ టైటిల్ కాదు, రెండూ కలపకండి. ఓడితే ఎవరి చేతిలో అన్నది రాయండి. ఫొటో డబ్ల్యూడబ్ల్యూఈది కాకుండా చూసుకోండి. వ్యాఖ్యానంలో ఎవరైనా టేక్‌డౌన్ చేసినప్పుడు ‘కింద పడేశాడు’తో ఆపకుండా, కాలు పట్టాడా, నడుం పట్టాడా, మెడ పట్టాడా అన్నది చెప్పండి. వినేవాడు రెండోసారి తనంతట తనే గుర్తుపడతాడు.

కార్మియర్ గురించి ఈసారి ఒక్క వాక్యానికే చోటుంటే, ఇలా వేయవచ్చేమో చూడండి: ‘2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 96 కిలోల ఫ్రీస్టైల్ కుస్తీలో నాలుగో స్థానం, 2007 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించిన కార్మియర్, 2008 బీజింగ్‌లో అమెరికా జట్టు కెప్టెన్‌గా వెళ్లి, బరువు దించుకోవడంలో కిడ్నీలు దెబ్బతిని బరిలోకి దిగలేకపోయాడు, మరుసటి ఏడాది మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి వచ్చాడు.’ మీ పాత వాక్యం కంటే రెండు లైన్లు ఎక్కువవుతుంది. జోన్స్‌తో గొడవలో ఒక పేరా తగ్గిస్తే సరిపోతుంది.

పట్ల పేర్లు, శైలుల తేడాలు, ఎవరు ఏ ఏడాది ఏ బరువులో ఆడారన్నది ఎప్పుడు సందేహం వచ్చినా నన్ను అడగండి. పేజీ వెళ్లేలోపు చూసి చెబుతాను. నా పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
ఏడేళ్లు మ్యాట్ మీద గడిపిన మీ పాఠకుడు